పెట్రోలుకు కావలసిన ఓర్పు

అనువాదకుల తప్పులు సాధారణంగా కాగితం మీదనే ఉండిపోతాయి. పాఠకుడు ఒకచోట కనుబొమలు ముడిచి, మళ్ళీ ముందుకు సాగిపోతాడు. నేను చేసిన ఒక తప్పు మాత్రం కాగితం దాటి, సూరత్ నగరంలో ఒక పాత కారు ఇంజనులోకి ప్రవేశించింది. ఒక్క మాటకు సరైన అర్థం చెప్పకపోవడం వల్ల ఒక వృద్ధుడు తన డబ్బును నెలల తరబడి పొగగొట్టం గుండా వదిలివేశాడు. అంతకన్నా పెద్ద నష్టం కొద్దిలో తప్పింది. ఇలాంటి పొరపాటు పాత కార్లను ప్రేమించేవారిలో చాలామంది చేస్తున్నదే కాబట్టి, ఈ నెల ఈ శీర్షికలో ఆ సంగతి చెప్పుకోవడం న్యాయమనిపించింది.

మా తండ్రిగారికి వరుసకు అన్న అయిన మా పెద్దబాపు, యౌవనంలో సిరిసిల్ల నుంచి బతుకుదెరువు వెదుక్కుంటూ సూరత్ వెళ్ళారు. తెలంగాణ నేతపని కుటుంబాలకు అది కొత్త దారి కాదు. మరమగ్గాల నగరమైన సూరత్‌లో తెలుగువారి జనాభా ఎంతటిదంటే, అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుంది. లింబాయత్, ఉధనా వంటి పేటలలో తిరిగితే సిరిసిల్ల, కరీంనగరం, వరంగల్లు మాటలు గుజరాతీ మధ్య నుంచి చెవిన పడుతూనే ఉంటాయి. పెద్దబాపు మొదట ఇతరుల సాంచాల మీద కూలికి పనిచేసి, తరువాత నాలుగు సాంచాలకు స్వంతదారై, 1986లో తన పాత యజమాని వద్ద ఒక అంబాసిడర్ కారు కొన్నారు. అది 1968 నాటి మార్క్ 2 రకం. ఆయన జీవితంలో కొన్న మొదటి కారు అదే, చివరిది కూడా అదే.

యాభై ఏళ్ళు నిండిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా ప్రత్యేకంగా నమోదు చేసుకోవచ్చునని కేంద్రప్రభుత్వం 2021 జూలైలో నియమాలు ప్రకటించింది. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు గాని నిత్యం వాడుకోరాదు. పెద్దబాపుకు ఆ షరతు నచ్చలేదు. "నడువని బండి నాకెందుకు బిడ్డా, గోడకు తగిలేసుకునేటందుకా?" అని మామూలు నమోదునే పొడిగించుకున్నారు. బండిని చివరిదాకా తానే చూసుకోవాలన్న పట్టుదలతో, దానితో వచ్చిన ఇంగ్లీషు చేతిపుస్తకాన్ని నాకు పంపి, తెలుగులో ఒక నోటుబుక్కులో రాసి పంపమన్నారు.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారికి కార్బురేటరు గురించి ఏమి తెలుస్తుంది? నిఘంటువు ముందు పెట్టుకుని శ్రద్ధగానే రాశాను. ఇంధనం ఆక్టేన్ సంఖ్య ఎంతకు తగ్గకూడదో చెప్పే చిన్న వాక్యం వద్ద మాత్రం ఒక క్షణం ఆగాను. ఇంగ్లీషులో ఉద్రేకభరితమైన ఉపన్యాసాన్నీ, ఉధృతంగా నడిచే నాటకాన్నీ ఆక్టేన్ పేరుతో వర్ణించడం నాకు తెలుసు. అందుచేత ఆక్టేన్ అంటే శక్తి కాబోలుననుకుని, "ఇంధనం బలం" అని రాసేశాను. ఆ పొరపాటుకు మూలం నా సాహిత్య పరిచయమే తప్ప మరొకటి కాదు.

టకటక శబ్దం

నోటుబుక్కు అందిన కొంతకాలానికి బండిలో ఒక శబ్దం మొదలయింది. వంతెన ఎక్కేటప్పుడు, పై గేరులో ఉండగా ఆక్సిలరేటరు గట్టిగా తొక్కితే, ఇంజను లోపల ఎవరో గోలీలు పోసి ఆడించినట్లు సన్నని టకటక. తపతీ నది మీద వంతెనలూ, నగరం నిండా ఫ్లైఓవర్లూ ఉన్న సూరత్‌లో ఆ శబ్దం వినకుండా ఒక పూట గడవదు. నలభై ఏళ్ళు సాంచాల మోతలో పనిచేసి పెద్దబాపు చెవులు మందగించిన మాట నిజమే. కాని లయ తప్పిన చప్పుడును పట్టుకోవడంలో మగ్గం మనిషి చెవికి సాటి లేదు.

ఆయన నోటుబుక్కు తీసి చూశారు. "బలం ఇంతకు తగ్గరాదు" అని ఉంది. ముసలి ప్రాణానికి బలమైన తిండి పెట్టాలి గదా అనుకుని, బంకులో దొరికే అన్నిటికన్నా ఖరీదైన, అన్నిటికన్నా పెద్ద అంకె గల పెట్రోలు పోయించసాగారు. శబ్దం కొంచెం తగ్గినట్లనిపించింది గాని పోలేదు. మనుమరాలి పెళ్ళికి వారం ముందు నేను సూరత్ చేరేసరికి ఆయన బెంగతో ఉన్నారు. పెళ్ళికూతురిని ఆ కారులోనే మండపానికి తీసుకుపోవాలని ఆమె పుట్టిననాడే నిశ్చయించుకున్నారట.

"నువ్వు రాసినట్టే బలమున్న పెట్రోలే పోస్తున్న గద బిడ్డా. మరి ఈ టకటక ఎందుకు పోతలేదు?" అని అడిగారు.

నా వద్ద సమాధానం లేదు. ఇద్దరమూ కలిసి ఉధనా దగ్గర ఒక పాతకాలపు మిస్త్రీ వద్దకు బండి తీసుకుపోయాము.

సాంచా చెప్పిన పాఠం

మిస్త్రీ మొదట ఏ పెట్రోలు పోస్తున్నారని అడిగాడు. విని నవ్వాడు. ఆక్టేన్ అంటే బలం కాదనీ, అది తొందరపడని గుణమనీ తన హిందీలో చెప్పాడు. ఆ మాట వినగానే నా తప్పు నాకు అర్థమయింది. తరువాత చదివి తెలుసుకున్న వివరాలతో కలిపి ఆ సంగతి ఇక్కడ చెబుతాను.

పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. పిస్టన్ పైకి లేచి దానిని నొక్కుతుంది. అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజను విషయంలో ఈ నొక్కుడు సుమారు 7.2కు 1. అనగా మిశ్రమం తన ఘనపరిమాణంలో ఏడవ వంతుకు లోపుగా కుదించుకుపోతుంది. దీనినే సంపీడన నిష్పత్తి అంటారు. నొక్కిన వాయువు వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరమూ ఎరిగినదే. సరిగ్గా ఆ సమయాన ప్లగ్గు నిప్పురవ్వ వదులుతుంది. మంట ఆ రవ్వ దగ్గర పుట్టి, క్రమంగా సిలిండరు అంతటా వ్యాపించి, పిస్టన్‌ను కిందికి నెడుతుంది. ఇది పద్ధతి ప్రకారం జరిగే దహనం.

మంట వ్యాపించేలోగా, దానికి దూరంగా మూలలలో మిగిలిన మిశ్రమం మీద వేడి, ఒత్తిడి మరింత పెరుగుతాయి. ఆ మిశ్రమానికి ఓర్పు చాలకపోతే, మంట వచ్చేదాకా ఆగకుండా తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. అప్పుడు పుట్టే ఒత్తిడి తరంగం సిలిండరు గోడలను సుత్తితో కొట్టినట్లు మోగిస్తుంది. మనకు వినిపించే టకటక అదే. మెకానిక్కులు నాకింగ్ అంటారు. అప్పుడప్పుడు క్షణకాలం వినిపించి మాయమైతే భయం లేదు. విడవకుండా సాగితే పిస్టన్ల అంచులు తినుకుపోతాయి, హెడ్ గాస్కెట్ కాలిపోతుంది, బేరింగులు దెబ్బతింటాయి.

పెద్దబాపు ఇదంతా విని, కొంతసేపు ఆలోచించి, "అంటే నాడె తొందరపడ్డట్టు" అన్నారు.

అంతకన్నా చక్కని పోలిక నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. మగ్గంలో పడుగు దారాలు రెండు పొరలుగా విడి, నోరు తెరుచుకున్నప్పుడు వాటి మధ్య నుంచి నాడె దూసుకుపోవాలి. నోరు పూర్తిగా తెరుచుకోకముందే నాడె బయలుదేరితే దారాలు తెగుతాయి. ఒక్కొక్కసారి నాడె మధ్యలో చిక్కుకుంటుంది. బలం ఎంత ఉన్నా వేళ తప్పితే గుడ్డ పాడవుతుంది. ఇంజనులోనూ అంతే. ఆక్టేన్ సంఖ్య పెట్రోలులో ఎంత శక్తి ఉందో చెప్పదు. పిలిచేదాకా అంటుకోకుండా ఎంత ఓర్చుకోగలదో చెబుతుంది.

ఎనిమిది అనే మాట

ఆక్టేన్ అనే పేరులో ఉన్నది ఎనిమిది. మన అష్టమికి, అష్టపదికి మూలమైన 'అష్ట' శబ్దానికి గ్రీకు, లాటిన్ భాషలలోని సోదరపదమే అది. ఎనిమిది కర్బన పరమాణువులు గల హైడ్రోకార్బనుకు ఆ పేరు పెట్టారు. వీటిలో శాఖలుగా చీలిన నిర్మాణం గల ఐసో ఆక్టేన్ గొప్ప ఓర్పు గలది. దానికి 100 అంకె ఇచ్చారు. ఏడు కర్బనాల తిన్నని గొలుసు అయిన నార్మల్ హెప్టేన్ ఏమాత్రం ఓర్పు లేనిది. దానికి సున్నా ఇచ్చారు. ఈ కొలమానం 1920ల చివర అమెరికాలో రూపొందింది. సంపీడన నిష్పత్తిని ఇష్టమైనట్లు మార్చుకోగల ఒంటి సిలిండరు పరీక్షా ఇంజనులో పెట్రోలును నడిపి, ఏ పాళ్ళ మిశ్రమంతో అది సమానంగా మోగుతుందో చూస్తారు. 91 ఆక్టేన్ అంటే, 91 పాళ్ళు ఐసో ఆక్టేన్, 9 పాళ్ళు హెప్టేన్ కలిసిన మిశ్రమం ఎంత ఓర్చుకుంటుందో ఆ పెట్రోలు అంత ఓర్చుకుంటుందన్నమాట. ఇందులో ఒక వింత ఉంది. శాఖలు లేని అసలుసిసలు నార్మల్ ఆక్టేన్‌ను ఇదే కొలమానంతో కొలిస్తే దాని అంకె సున్నాకన్నా తక్కువ!

అంకె ఒకటే అయినా కొలిచే పద్ధతులు రెండు. పరీక్షా ఇంజనును నిమిషానికి 600 చుట్లతో నడిపి కొలిచేది రీసెర్చ్ పద్ధతి. మిశ్రమాన్ని వేడిచేసి, 900 చుట్లతో మరింత కఠినంగా పరీక్షించేది మోటార్ పద్ధతి. భారతదేశంలోనూ ఐరోపాలోనూ బంకులలో చెప్పే అంకె రీసెర్చ్ పద్ధతిది. అమెరికాలో రెండింటి సగటును రాస్తారు. అందుచేత అమెరికన్ కారు పుస్తకంలో 87 అని ఉంటే, మన లెక్కలో అది ఇంచుమించు 91 లేక 92 అవుతుంది. బ్రిటిష్ పుస్తకాలలో మరొక చిక్కు. అక్కడ 1967 నుంచి పెట్రోలును నక్షత్రాలతో గుర్తించేవారు. రెండు నక్షత్రాలకు కనీసం 90, మూడింటికి 94, నాలుగింటికి 97, అయిదింటికి 100. పాత పుస్తకం చేతిలో ఉన్నవారు అది ఏ దేశపు లెక్కో ముందు తెలుసుకోవాలి.

సీసం దాచుకున్న పేరు

మాటలతో పనిచేసేవారిని కలవరపెట్టే ఘట్టం ఒకటి ఈ చరిత్రలో ఉంది. జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ 1921 డిసెంబరులో, టెట్రా ఎథిల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని చిటికెడు కలిపితే పెట్రోలు మోత ఆగిపోతుందని కనుగొన్నాడు. దానిని అంగడిలో పెట్టినప్పుడు సీసం అన్న మాటను వదిలివేసి, 'ఎథిల్' అని ముద్దుపేరు పెట్టారు. సీసం విషమని లోకానికి ఎప్పటినుంచో తెలుసు. మిడ్‌గ్లీ స్వయంగా సీసవిషంతో జబ్బుపడి విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో, దానిని తయారుచేస్తూ అయిదుగురు కార్మికులు మతి చలించి మరణించారు. అయినా ఆ ముద్దుపేరు మాటున సీసం ప్రపంచమంతా వ్యాపించి, దశాబ్దాల పాటు పిల్లల రక్తంలోకి చేరింది.

మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాలలో మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా తప్పనిసరి అయింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021 జూలైలో కార్లకు సీసపు పెట్రోలు అమ్మడం మానివేసింది.

పాత కార్ల యజమానులకు దీనితో సంబంధం ఏమిటంటే, సీసం రెండు పనులు చేసేది. ఒకటి ఆక్టేన్‌ను పెంచడం. రెండవది, పొగ బయటికిపోయే వాల్వులు కూర్చునే పీటల మీద పలుచని పొరగా ఏర్పడి, అవి అరగకుండా కాపాడడం. సీసం పోయాక మొదటి పనిని ఇతర పదార్థాలు అందుకున్నాయి. రెండవ పని మిగిలిపోయింది. పోత ఇనుము హెడ్‌లోనే పీటలు చెక్కిన పాత ఇంజన్లలో, ఎక్కువ వేగంతో ఎక్కువ దూరం నడిపితే పీటలు అరుగుతాయి. వాల్వు సందు తగ్గిపోతుంది. దీనికి మందు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కాదు. ఇంజను విప్పినప్పుడు గట్టి లోహపు పీటలు వేయించుకోవడం శాశ్వతమైన పరిష్కారం. ఊరిలో నెమ్మదిగా నడిచే బండికి, వాల్వు సందును వేళకు కొలిపించుకుంటూ ఉంటే చాలా ఏళ్ళు ఏ చిక్కూ రాకపోవచ్చు.

మీ ఇంజనుకు ఎంత?

ఎంత ఆక్టేన్ కావాలన్న ప్రశ్నకు మొదటి జవాబు సంపీడన నిష్పత్తిలో ఉంటుంది. ఫోర్డ్ మోడల్ టీ ఇంజనులో అది నాలుగుకు అటూఇటూ. ఈనాడు దొరికే ఏ పెట్రోలైనా దానికి అవసరానికి మించినదే. 1950ల, 60ల నాటి మన అంబాసిడర్లు, ఫియట్లు ఏడు ఎనిమిది మధ్య ఉండేవి. ఒకప్పుడు మన బంకులలో 87, 93 అని రెండు రకాలు దొరికేవి. ఈనాటి సాధారణ పెట్రోలే 91కి తగ్గదు. కాబట్టి ఈ కార్లకు ఖరీదైన పెట్రోలు అవసరం లేదు. నిష్పత్తి తొమ్మిదికి చేరువైతే మాత్రం అంకెను జాగ్రత్తగా చూసుకోవాలి. తొమ్మిది దాటిన పాత ఇంజన్లకు 95, ఆ పైన కావలసి రావచ్చు. జాగ్వార్ వారు ఒకే ఇంజనును 7, 8, 9 నిష్పత్తులలో తయారుచేసి, ఇంజను నంబరు చివర ఆ అంకెను చెక్కేవారు. ఒకే మోడలు గల రెండు కార్లకు వేర్వేరు పెట్రోలు కావలసి వచ్చేదన్నమాట.

పుస్తకంలోని అంకె కొత్త ఇంజనుకు సంబంధించినది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంజను స్వభావం మారుతుంది. హెడ్ వంకర పోయినప్పుడల్లా దానిని చదును చేయిస్తారు. అలా చేసిన ప్రతిసారీ దహనగది చిన్నదై నిష్పత్తి పెరుగుతుంది. లోపల పేరుకున్న మసి కూడా స్థలాన్ని తగ్గించి, వేడిని నిలుపుతుంది. రేడియేటరు పూడుకుపోయినా, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గినా, టైమింగ్ ముందుకు జరిగినా మోత మొదలవుతుంది. ఇవన్నీ సరిచూసుకున్న తరువాతనే పెట్రోలును అనుమానించాలి.

అవసరానికి మించిన ఆక్టేన్ పోయిస్తే ఇంజనుకు నష్టం లేదు. లాభమూ లేదు. ఓర్పు ఎక్కువున్నంత మాత్రాన బండి వేగం పెరగదు, మైలేజీ పెరగదు. నాక్‌ను పసిగట్టి టైమింగ్‌ను తనంతట సవరించుకునే కొన్ని ఆధునిక ఇంజన్లు ఆ ఓర్పును వాడుకోగలవు. 1968 నాటి ఇంజనుకు ఆ తెలివి లేదు. దానికి ఆ తెలివిని ఇవ్వవలసినవాడు మిస్త్రీయే.

మా మిస్త్రీ చేసినది అదే. టైమింగ్ చూస్తే, నిప్పురవ్వ పడవలసిన దానికన్నా బాగా ముందు పడుతున్నది. అంతకుముందు ఎవరో పికప్ పెరుగుతుందని ముందుకు జరిపి వదిలేశారు. ఆనాటి బ్రిటిష్ డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటికి ఒక పక్కన వేళ్ళతో తిప్పగల చిన్న మర ఉండేది. ఊరూరా పెట్రోలు నాణ్యత మారే కాలంలో, దానికి తగినట్లు టైమింగ్‌ను కొద్దికొద్దిగా ముందుకో వెనుకకో జరుపుకోవడానికే దానిని పెట్టారు. మిస్త్రీ ముందు డిస్ట్రిబ్యూటరును సరైన చోట బిగించి, ఆ తరువాత ఈ మరతో సూక్ష్మంగా సవరించాడు. ప్లగ్గులు, పాయింట్లు శుభ్రం చేసి, రేడియేటరులోని తుప్పునీరు కడిగించాడు.

చెరకు తోటల నుంచి

అంతా అయిందనుకుంటుండగా మిస్త్రీ ఇంజను మీదికి వంగి వాసన చూశాడు. పెట్రోలు గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కాడు. పాత రబ్బరు గొట్టం నానిన తోలులా మెత్తబడి ఉంది. మెలిక దగ్గర చెమ్మ. ఈ ఇంజనులో కార్బురేటరు, ఎర్రగా కాలే పొగ మేనిఫోల్డు రెండూ ఒకే వైపున, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ చుక్క ఎక్కడ పడేదో ఆయన వేలితో చూపించాడు. నాకు నోట మాట రాలేదు. మరి అయిదు రోజులలో ఆ బండిలో పెళ్ళికూతురు కూర్చోవలసి ఉంది.

కారణం ఆక్టేన్ కాదు, ఇథనాల్. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. సూరత్ వాసులకు అది పరాయి సరుకు కాదు. ఊరు దాటి 1928 సత్యాగ్రహానికి పేరుగాంచిన బార్డోలీ వైపు పోతే, దారికి రెండు పక్కలా చెరకు తోటలూ, సహకార చక్కెర మిల్లులూ కనిపిస్తాయి. చక్కెర తీశాక మిగిలే మడ్డి నుంచీ, చెరకు రసం నుంచీ, ధాన్యం నుంచీ ఇథనాల్ తయారవుతుంది. చమురు దిగుమతి తగ్గించడానికీ, రైతుకు గిట్టుబాటు కావడానికీ అది సాధనమని ప్రభుత్వం చెబుతున్నది.

నా అనువాదం ఎంత తప్పో ఇథనాల్ ఒక్కటే చాలు నిరూపించడానికి. దాని ఆక్టేన్ సంఖ్య 108కి అటూఇటూ, పెట్రోలును మించినది. లీటరుకు అది ఇచ్చే శక్తి మాత్రం పెట్రోలులో మూడింట రెండు వంతులు. ఓర్పు అధికం, బలం అల్పం. బలమూ ఆక్టేనూ ఒకటే అయితే ఇది ఎలా సాధ్యం?

కొత్త కార్ల గొట్టాలను, సీళ్ళను దీనిని తట్టుకునేలా తయారుచేస్తున్నారు. పాత కార్ల సంగతి వేరు. ఇథనాల్ పాతరకం రబ్బరును మెత్తబరుస్తుంది, లేదా పగులగొడుతుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉండే సూరత్‌లో వానాకాలమంతా కదలకుండా నిలిపిన బండి ట్యాంకులో నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగి తుప్పు పట్టిస్తాయి. ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరులోకి తోస్తుంది. దానిలోనే ఆమ్లజని ఉన్నందున, కార్బురేటరు పాత లెక్కలోనే ఉంటే మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది.

కాబట్టి పాత కారు యజమాని బంకు దగ్గర రెండు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. ఆక్టేన్ ఎంత? ఇథనాల్ ఎంత? ఒకదానికి వచ్చిన జవాబు రెండవదానికి సరిపోదు. పెట్రోలు దారిలోని ప్రతి రబ్బరు గొట్టాన్నీ, పంపులోని డయాఫ్రమునూ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించుకోవాలి. ఫిల్టరును వెంటవెంట చూసుకోవాలి. కార్బురేటరులో మిశ్రమాన్ని కొద్దిగా చిక్కబరచుకోవాలి. నెలల తరబడి నిలిపేముందు ట్యాంకు సంగతి ఆలోచించుకోవాలి. ఈ పనులన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు, మా పెద్దబాపు ఖరీదైన పెట్రోలుకు అదనంగా పోసిన డబ్బుకన్నా తక్కువే.

తిరిగి రాసిన వాక్యం

గొట్టాలన్నీ మార్చి, మామూలు పెట్రోలు పోయించి, మరునాడు తెల్లవారుజామున బార్డోలీ దారిన పరీక్షకు బయలుదేరాము. సమతలమైన రోడ్డు మీద పై గేరులో, గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కి చూడమని మిస్త్రీ చెప్పాడు. ఒక క్షణం సన్నగా మోగి, వేగం అందుకోగానే ఆగిపోతే టైమింగ్ సరిగ్గా ఉన్నట్టు. ఆగకపోతే మరను ఒక గీత వెనుకకు తిప్పాలి. అసలే మోగకుండా బండి మందంగా ఉంటే ఒక గీత ముందుకు. రెండుసార్లు ఆగి తిప్పవలసి వచ్చింది. మూడవసారి, పెద్దబాపు ఊపిరి బిగబట్టి విన్నారు. గిలక్కాయ ఒక్కసారి ఆడినట్లు చిన్న చప్పుడు. తరువాత ఇంజను మోత తప్ప మరేమీ లేదు.

"ఇప్పుడు నాడె వేళకు పోతాంది" అన్నారాయన.

పెళ్ళినాడు మనుమరాలిని ఆ కారులోనే తీసుకుపోయారు. పూలదండల బరువుతో, లోపల ఆరుగురితో, అంబాసిడర్ ఫ్లైఓవరు ఎక్కింది. వెనుక సీటులో నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. పెళ్ళివారి బ్యాండు తప్ప ఏదీ వినిపించలేదు. పెళ్ళి సందడి తగ్గాక మిస్త్రీ హెడ్ విప్పి, లోపలి మసి గీకివేశాడు. ఆ తరువాత ఆ క్షణకాలపు చప్పుడు కూడా మరింత తగ్గిందట.

తిరుగు ప్రయాణానికి ముందు పెద్దబాపు నోటుబుక్కు నా ముందు పెట్టి, కలం చేతికిచ్చారు. మందలించలేదు. నేను "బలం" అన్న మాటను కొట్టివేసి, దాని పైన "ఓర్పు" అని రాశాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఆ వాక్యాన్ని కూడబలుక్కుంటూ చదివి, నోటుబుక్కును మళ్ళీ డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నారు.